కవాతు, ఊరేగింపు: 1990 నవంబరు 7 రెడ్ స్క్వేర్ ప్రదర్శన – రసవిఘ్న దృష్టితో ఒక పరిశీలన

ప్రవేశిక

1990 నవంబరు 7న మాస్కోలోని రెడ్ స్క్వేర్‌లో అక్టోబరు విప్లవ 73వ వార్షికోత్సవం జరిగింది. రక్షణ మంత్రి మార్షల్ ద్మిత్రీ యాజొవ్ సైనిక వందనం స్వీకరించాడు. మాస్కో సైనిక మండలాధిపతి నికొలాయ్ కాలినిన్ కవాతుకు నాయకత్వం వహించాడు. దేశాధ్యక్షుడు మిఖాయిల్ గోర్బచేవ్ లెనిన్ సమాధి మీది వేదిక నుంచి ప్రసంగించాడు. సైనిక విద్యాలయాల బారులు, శకటాలు, క్షిపణులు అలవాటైన వరుసలోనే సాగిపోయాయి. మరుసటి సంవత్సరం అదే తేదీకి అక్కడ కవాతు లేదు. మరి కొన్ని వారాలకు ఆ రాజ్యమే లేదు. అందుచేత ఈ ప్రదర్శనను ‘చివరి కవాతు’ అని వ్యవహరిస్తున్నారు.

‘చివరి’ అన్న ఈ విశేషణాన్ని విమర్శకుడు జాగ్రత్తగా వాడవలసి ఉంది. అది తరువాత జరిగినది తెలిసిన మనం చేర్చిన మాట. ఆ ఉదయం చతురంలో అడుగు వేసిన సైనికుడికి గాని, వేదిక మీద నిలిచిన నాయకుడికి గాని అది చివరిదని తెలియదు. ముగింపు తెలిసినవాడు పాఠంలో ప్రతి చోటా ముగింపునే చూస్తాడు. ఆ చూపులోంచే ఒక స్థిరమైన అభిప్రాయం పుట్టింది: కడపటి సోవియట్ దశాబ్దాల కవాతు అర్థం ఇంకిపోయిన తంతు, లోపల ఏమీ లేని డొల్ల, అది 1990 నాటికి తనంతట తాను కూలింది. సోవియట్ వ్యవస్థను అభిమానించినవారు దీన్ని విచారంతోనూ, వ్యతిరేకించినవారు సంతోషంతోనూ చెప్పవచ్చు. నిర్ణయం మాత్రం ఒకటే.

ఈ వ్యాసం ఆ నిర్ణయాన్ని ప్రశ్నిస్తుంది. 1990 నవంబరు 7 ప్రదర్శన అర్థశూన్యం కాదనీ, పైగా ఆరు దశాబ్దాలుగా ఆ చతురం ఎరుగని అర్థసంఘర్షణ ఆనాడు ఆ ఆవరణలో జరిగిందనీ దీని ప్రతిపాదన. భగ్నమైనది అర్థం కాదు, ఏకవాక్యత. ఇందుకు రెండు సాధనాలను ఉపయోగిస్తాను. ఒకటి, తెలుగు భాష సహజంగా పాటించే ‘కవాతు’, ‘ఊరేగింపు’ అన్న భేదం. రెండు, రసప్రతీతికి కలిగే విఘ్నాలను గురించి అభినవగుప్తుడు చేసిన విచారణ.

రెండు మాటలు, రెండు నడకలు

తెలుగులో కవాతు అన్నప్పుడు మనసుకు తట్టేది లెక్కగల అడుగు. దానిలో పాల్గొనేవాడు ముందే ఎంపికైనవాడు, తర్ఫీదు పొందినవాడు. అతని వేషం, చూపు, చేతి ఊపు, పక్కవాడికీ తనకూ నడుమ దూరం అన్నీ నిర్ణీతాలు. కవాతును చూడవచ్చు, మధ్యలో చేరడానికి వీలు లేదు. ఊరేగింపు అలాంటిది కాదు. దేవుడి ఊరేగింపైనా, పెళ్ళి ఊరేగింపైనా, సమ్మె చేసిన కార్మికుల ఊరేగింపైనా దారిలో ఉన్నవాడు కలవవచ్చు, కొంత దూరం నడిచి తప్పుకోనూ వచ్చు. దానికి ముందువెనుకలు ఉంటాయి గాని అడుగు లెక్క ఉండదు. కవాతులో చూసేవాడు, చేసేవాడు వేరు. ఊరేగింపులో ఆ గీత పలుచన.

రష్యన్ వ్యవహారంలోనూ నవంబరు 7 ఉత్సవానికి రెండు వేర్వేరు పేర్లతో రెండు భాగాలున్నాయి. మొదట సైనిక ‘పరాద్’, ఆ వెంటనే కార్మికుల ‘దెమన్‌స్త్రాత్సియ’. మన మాటల్లో ముందు కవాతు, తరువాత ఊరేగింపు. ఈ రెండింటి సంబంధం ఏడు దశాబ్దాలలో ఎలా మారిందన్నదే ఆ ఉత్సవ చరిత్రలో అసలు విషయమని నా భావన. క్షిపణుల పొడవును, శకటాల సంఖ్యను లెక్కించే సైనిక చరిత్రకారుడికి ఊరేగింపు అనుబంధంగా కనిపిస్తుంది. ప్రదర్శనను పాఠంగా చదివే విమర్శకుడికి అది ఉత్తరార్ధం. పూర్వార్ధానికి అర్థం నిర్ణయించేది అదే.

రంగస్థల నిర్మాణం

విప్లవం జరిగినది పాత పంచాంగం ప్రకారం 1917 అక్టోబరు 25న. 1918లో రష్యా కొత్త పంచాంగాన్ని స్వీకరించగా జనవరి 31 తరువాతి రోజు ఫిబ్రవరి 14 అయింది. అలా అక్టోబరు విప్లవం నవంబరు పండుగ అయింది. పేరుకూ తేదీకీ మధ్య ఉన్న ఈ ఎడం ఉత్సవం ఎంత మేరకు కల్పితమో మొదట్లోనే సూచిస్తుంది. ఇక్కడ ‘కల్పితం’ అంటే అబద్ధం కాదు, కావ్యార్థంలో రచితం.

ఆ రచన ఎంత శక్తిమంతమైనదో 1920 నాటి ఒక ఉదాహరణ చెబుతుంది. విప్లవ మూడవ వార్షికోత్సవాన పెత్రోగ్రాద్‌లో నికొలాయ్ ఎవ్రేయినొవ్ నేతృత్వాన ‘శీతకాల ప్రాసాద ముట్టడి’ని, అది జరిగిన స్థలంలోనే, వేలాది నటులతో ప్రదర్శించారు. 1917లో జరిగిన ముట్టడి కంటె ఈ నాటకం చాలా పెద్దది. తరువాతి కాలంలో ఆ నాటకపు ఛాయాచిత్రమే దిద్దుబాట్లతో అసలు ముట్టడి ఛాయాచిత్రంగా పుస్తకాలకెక్కింది. అనుకరణం అనుకార్యాన్ని తొలగించి ఆ స్థానంలో కూర్చుంది. జేమ్స్ వాన్ గెల్డర్న్ తొలి బోల్షెవిక్ ఉత్సవాలపై రాసిన గ్రంథం ఈ దశను వివరంగా పరిశీలించింది. ఆనాటి ఉత్సవాలలో నాటకం, ఊరేగింపు, జాతర కలగలిసి ఉండేవి. సైనిక కవాతు వాటిలో ఒక అంగం మాత్రమే.

ఈ కలయిక తెగిన సంవత్సరం 1927 అని చెప్పడానికి ఆధారం ఉంది. దశమ వార్షికోత్సవాన త్రోత్‌స్కీ, జినోవియెవ్‌ల ప్రతిపక్ష వర్గం మాస్కోలోనూ లెనిన్‌గ్రాడ్‌లోనూ సొంత నినాదాలతో వీధికి వచ్చింది. ఆ బృందాలను చెదరగొట్టారు. వారం తిరగకుండానే ఆ ఇద్దరినీ పార్టీ నుంచి బహిష్కరించారు. ఆ ఉత్సవం కోసమే సెర్గెయ్ ఐజెన్‌స్టీన్ తీసిన ‘అక్టోబరు’ చిత్రం నుంచి త్రోత్‌స్కీ ఉన్న దృశ్యాలు తొలగవలసి వచ్చింది. చిత్రం 1928లో గాని విడుదల కాలేదు. అదే తేదీన రెండవ ఊరేగింపు, అంటే మరో అర్థాన్ని మోసే ఊరేగింపు, ఇక ఉండరాదని నాడు స్థిరపడింది. 1980ల చివరి వరకు ఆ నియమం నిలిచింది.

నియమానికి తగినట్టు స్థలాన్నీ సవరించారు. నిత్య వ్యవహారంలో ‘ఎర్ర’ అని మనం అనువదించే ‘క్రాస్నయ’ పదానికి పాత రష్యన్‌లో ‘అందమైన’ అని అర్థం. ఆ అందమైన కూడలికి ద్వారంగా ఉన్న పునరుత్థాన ద్వారాన్ని 1931లో కూల్చారు. భారీ సైనిక వాహనాల రాకకు అది అడ్డు. కజాన్ మాతృదేవి దేవాలయం 1936లో నేలమట్టమైంది. 1930లో షూసెవ్ రూపకల్పన చేసిన గ్రానైట్ సమాధి మందిరం పూర్తయి, దాని పైభాగమే నాయకుల వేదిక అయింది. అంటే రాజ్యం ఒక మృతదేహం మీద నిలబడి సజీవుల వందనాన్ని అందుకునే ఏర్పాటు. ఈ రంగస్థలంపై ప్రతి నాయకుడూ పాత్రధారి మాత్రమే. నాయకత్వం కింద పడుకున్నవాడిది.

1941: ఔచిత్యపు ఉచ్చస్థాయి

కవాతు తన అర్థాన్ని పూర్తిగా సంపాదించుకున్న రోజు 1941 నవంబరు 7. జర్మన్ సైన్యం మాస్కోకు చేరువలో ఉంది. అలవాటుగా పది గంటలకు మొదలయ్యే కవాతును ఆ రోజు ఎనిమిదింటికే, మంచు కురుస్తుండగా జరిపారు. మార్షల్ బుద్యొన్నీ గుర్రంపై వచ్చి వందనం స్వీకరించాడు. స్తాలిన్ ప్రసంగించాడు. చతురం దాటిన దళాలు అనేకం నేరుగా యుద్ధరంగానికి వెళ్ళాయి.

వీరరసానికి స్థాయి ఉత్సాహం. సాధారణ కవాతులో ఆ ఉత్సాహం అభినీతం. శత్రువు ఊహలో ఉంటాడు. 1941లో ఆలంబనం కూతవేటు దూరంలో ఉంది. అడుగు వేసేవాడు కొన్ని గంటల్లో నిజంగా చావుకు ఎదురు వెళ్తున్నాడు. క్షేమేంద్రుడు ఔచిత్యమని పిలిచిన గుణం, అంటే సందర్భానికీ రూపానికీ గల పొందిక, ఇంతకన్న సంపూర్ణంగా మరే సోవియట్ కవాతులోనూ కుదరలేదు.

అయితే ఇక్కడే ఒక చిక్కు ఉంది. వేళ మార్పు సమాచారం చిత్రీకరణ బృందానికి సకాలంలో అందనందున స్తాలిన్ ప్రసంగాన్ని శబ్దంతో సహా తీయలేకపోయారు. తరువాత క్రెమ్లిన్‌లోని ఒక హాలులో సమాధి వేదికను పోలిన అమరిక కట్టి, అక్కడ స్తాలిన్ చేత మళ్ళీ చెప్పించి చిత్రించారు. వర్లామొవ్, కొపాలిన్‌ల దర్శకత్వంలో 1942లో వచ్చి అమెరికాలో ఆస్కార్ పొందిన మాస్కో యుద్ధ వార్తాచిత్రంలో ఉన్నది ఈ రెండవ ప్రసంగమే. గడ్డకట్టే చలిలో మాట్లాడే మనిషి నోటి నుంచి రావలసిన ఆవిరి ఆ దృశ్యంలో కనిపించదు. అత్యంత వాస్తవమైన కవాతు సైతం మన వరకు చేరినది నాటకం ద్వారానే. కనుక ‘మొదట నిజం, తరువాత తంతు’ అనే సరళరేఖ సోవియట్ కవాతు చరిత్రకు సరిపోదు. నిజం, తంతు మొదటి నుంచీ కలిసే ఉన్నాయి. ప్రశ్న వాటి పాళ్ళ గురించి కాదు, చూసేవాడితో వాటికి గల సంబంధం గురించి.

కవాతు వ్యాకరణం

యుద్ధానంతర కవాతుకు ఒక వ్యాకరణం స్థిరపడింది. స్పాస్కయ గోపురపు గడియారం పది కొడుతుంది. రక్షణ మంత్రి పైకప్పు లేని కారులో క్రెమ్లిన్ ద్వారం గుండా వస్తాడు. కవాతు నాయకుడు ఎదురై నివేదిస్తాడు. ఇద్దరూ దళాల ముందు సాగుతూ శుభాకాంక్షలు చెబుతుంటే ఒక్కొక్క దళం నుంచి ‘ఉరా’ అన్న కేక లేస్తుంది. మంత్రి వేదికనెక్కి ప్రసంగిస్తాడు. బాల వాద్యకారుల డప్పులతో నడక మొదలవుతుంది. సైనిక విద్యాలయాలు, తరువాత కవచ శకటాలు, ఫిరంగులు, చివరకు క్షిపణులు. తేలిక నుంచి బరువుకు, మనిషి నుంచి యంత్రానికి సాగే క్రమం అది. దాని వెనుక ఊరేగింపు.

ఈ వ్యాకరణంలో మూడు అంశాలు గమనింపదగినవి. మొదటిది, మాట ఒక్కరిదే. దళాలు పలికేది ‘ఉరా’ మాత్రమే. అది వాక్యం కాదు, వాక్యానికి అంగీకారం. రెండవది, ప్రేక్షకులు రెండు తెగలు. దేశప్రజకు వీరరసం ఉద్దిష్టం. రాతి బెంచీల దగ్గర నిలబడ్డ విదేశీ సైనిక ప్రతినిధులకు భయానకం ఉద్దిష్టం. ఒకే విభావం రెండు రసాలకు పనిచేయాలి. మూడవది, కవాతు తన గతాన్ని తానే ఉటంకించుకుంటుంది. 1967 స్వర్ణోత్సవ కవాతులో అంతర్యుద్ధ కాలపు దుస్తులతో రెడ్‌గార్డులు, తుపాకీ బళ్ళు కదిలాయి. విప్లవం ఆ నాటికి వేషంగా మారింది.

ఈ దశలో ఊరేగింపుకు ఏమైంది? కర్మాగారాలు, సంస్థలు మనుషులను కేటాయించాయి. నినాదాలు పైనుంచి ప్రకటితమయ్యాయి. ఎవరు ఏ చిత్రపటం మోయాలో ముందే నిశ్చయమైంది. పేరు ఊరేగింపే, స్వభావం కవాతు. సైనికేతరులు చేసే కవాతు అనవచ్చు. సోవియట్ ఉత్సవ పరిణామానికి ఇది కేంద్రబిందువని నేను భావిస్తున్నాను: కవాతు ఊరేగింపును తనలోకి లాక్కుంది.

అలెక్సెయ్ యూర్చాక్ తన ప్రసిద్ధ గ్రంథంలో కడపటి సోవియట్ తరం గురించి చేసిన ప్రతిపాదనను ఇక్కడ పరామర్శించాలి. ఆ తరం అధికార క్రతువుల రూపాన్ని తప్పకుండా పాటించిందనీ, రూపాన్ని పాటించడమే అందులో తమకు కావలసిన వేరే అర్థాలకు చోటు కల్పించిందనీ ఆయన వాదం. ఊరేగింపుకు వెళ్ళినవారు స్నేహితులను కలిశారు, పండుగ చేసుకున్నారు; మోసిన నినాదాన్ని నమ్మడమో నమ్మకపోవడమో వారికి సమస్య కాలేదు. డొల్ల తంతు అన్న వాదం కంటె ఇది సూక్ష్మమైనది, అంగీకరించదగినది. రూపం కింద జీవితం ఉందని అది చూపింది. అయితే అది వివరించేది ఊరేగింపులో నడిచినవారి అంతరంగాన్ని. ఆ అంతరంగం వీధికెక్కి తన సొంత నినాదం పట్టుకున్న రోజున ప్రదర్శన పాఠానికి ఏమవుతుంది? 1990ని చదవడానికి ఈ ప్రశ్న వేయక తప్పదు.

1990 నవంబరు 7

పూర్వరంగాన్ని క్లుప్తంగా చూద్దాం. 1989 ఫిబ్రవరి 15న సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్ నుంచి తప్పుకుంది. అదే సంవత్సరం నవంబరు 7న మొల్దావియా రాజధాని కిషినేవ్‌లో ప్రజలు కవాతుకు అడ్డుగా నిలిచి శకటాలను ఆపారు. 1990 మార్చి 11న లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. మూడు రోజుల తరువాత కమ్యూనిస్టు పార్టీ నాయకత్వ హోదాను రాజ్యాంగం నుంచి తొలగించారు. మే 1న రెడ్ స్క్వేర్‌లోకి అధికారిక ఊరేగింపు వెనుకే ప్రత్యామ్నాయ ఊరేగింపు వచ్చింది. నాయకత్వాన్ని నిరసించే ఫలకాలు సమాధి వేదిక ఎదుట నిలిచాయి. కొంతసేపు చూసి గోర్బచేవ్, ఆయన సహచరులు వేదిక దిగి వెళ్ళిపోయారు. చూసేవాడు రంగాన్ని ఆక్రమించినందువల్ల ప్రధాన ప్రేక్షకుడు నిష్క్రమించాడు. నవంబరు కవాతు ఈ మే దినపు నీడలోనే జరిగింది.

అక్టోబరు 3న జర్మనీ ఏకమైంది. అక్టోబరు 15న గోర్బచేవ్‌కు నోబెల్ శాంతి బహుమానం ప్రకటించారు. అక్టోబరు 30న, కవాతుకు ఎనిమిది రోజుల ముందు, లుబ్యాంక కూడలిలో రహస్య పోలీసు ప్రధాన కార్యాలయానికి ఎదురుగా ఒక బండరాయిని ప్రతిష్ఠించారు. తొలి నిర్బంధ శిబిరాలలో ఒకటైన సొలొవ్కీ దీవుల నుంచి తెచ్చిన రాయి అది. లుబ్యాంక నుంచి రెడ్ స్క్వేర్‌కు నడిచి వెళ్ళవచ్చు. ఒక చివర చెక్కని రాయి, మరొక చివర నునుపుగా చెక్కిన గ్రానైట్ సమాధి. ఒకటి పేరు లేకుండా పోయిన మృతులది, ఒకటి పేరే రాజ్యమైన మృతుడిది. నగరంలో ఈ రెండు స్మారకాలు ఒకేసారి ఉన్న తొలి నవంబరు 7 ఇది. కజాన్ దేవాలయ పునర్నిర్మాణానికి పూనుకున్నదీ ఈ సంవత్సరమే. తుడిచివేసిన అక్షరాలు రంగస్థలం మీద మళ్ళీ తేలుతున్నాయి.

ప్రదర్శనలో వచ్చిన మొదటి మార్పు వక్తది. దశాబ్దాలుగా కవాతు ప్రసంగం రక్షణ మంత్రిది. ఈసారి అధ్యక్షుడు స్వయంగా మాట్లాడాడు. వేదికపై ఆయనతో పాటు, ఆయన ప్రత్యర్థిగా ఎదిగిన రష్యన్ రిపబ్లిక్ నేత బోరిస్ యెల్త్సిన్ కూడా ఉన్నాడు. సమాధి వేదికపై నిలబడే వరుస ఎవరి బలం ఎంతో చెప్పే సూచికగా పేరుపొందింది. అందులో వాదిప్రతివాదులు పక్కపక్కన నిలబడటం ఆ వేదిక వ్యాకరణానికి కొత్త. ఏకవాక్యానికి ఇద్దరు కర్తలు ఏర్పడ్డారు.

కవాతు భాగం మాత్రం నిర్దుష్టంగా జరిగింది. అడుగు తప్పలేదు. విభావాలన్నీ ఉన్నాయి, అనుభావాలన్నీ ఉన్నాయి. అనంతరం ఊరేగింపు సాగుతుండగా గూమ్ అంగడి సమీపాన, లెనిన్‌గ్రాడ్ నుంచి వచ్చిన అలెక్సాందర్ ష్మోనొవ్ అనే కార్మికుడు తుపాకీ తీశాడు. దగ్గరలోని ఒక పోలీసు సార్జెంటు గొట్టాన్ని తోసివేయడంతో రెండు గుండ్లూ గురి తప్పాయి. ఎవరికీ గాయాలు కాలేదు. వేలాది తుపాకులు ఒక్క గుండూ పేల్చకుండా ఏ వేదిక ముందు నుంచి సాగిపోయాయో, ఆ వేదిక వైపు నిజంగా పేలిన తుపాకీ ఊరేగింపులోనుంచి వచ్చింది. ఈ ఘటనను హింసోన్మాదంగానో, మతిచాంచల్యంగానో చూసి వదలవచ్చు; న్యాయప్రక్రియ ఆయనను మానసిక చికిత్సాలయానికే పంపింది. ఆ కృత్యాన్ని సమర్థించే ప్రసక్తి లేదు. ప్రదర్శన దృష్టిలో దాని అర్థం మాత్రం వేరు. ఊరేగింపులో ఉన్న మనిషి ఏమి మోసుకొస్తున్నాడో ముందే తెలిసే కాలం గతించింది.

అదే రోజు ప్రజాస్వామ్యవాద బృందాలు పార్టీని ఖండించే నినాదాలతో తమ సొంత ఊరేగింపు జరిపాయి. 1927లో చెదిరిపోయిన రెండవ ఊరేగింపు ఈసారి నడిచింది. విప్లవ దినాన విప్లవాన్ని శోకదినంగా పాటించాలన్నవారు, అక్టోబరు ఆశయాలకు పార్టీయే ద్రోహం చేసిందన్నవారు, ఆ ఆశయాలను ఇంకా విడువనివారు అందరూ ఆ ఒక్క తేదీని తమదిగా చేసుకోవాలని వీధికి వచ్చారు. అర్థం లేనిదాని కోసం ఎవరూ ఇంతగా పోటీపడరు. డొల్ల తంతు వాదానికి ఇదే ప్రధానమైన ఆక్షేపణ.

విఘ్నవిచారం

భగ్నమైనది మరి ఏమిటి? రసభంగానికి అనౌచిత్యం కంటె వేరే కారణం లేదని ఆనందవర్ధనుడి మతం. శాంతి బహుమానం పొందిన నాయకుడి ఎదుట క్షిపణుల నడక అనుచితం కాదా అని అడగవచ్చు. అది నిజమే గాని చాలదు. అనౌచిత్యం రచనలోని దోషం. 1990 కవాతులో రచన పాతదే. మారినది ప్రేక్షకుడి వైపు.

ఇక్కడ అభినవభారతిలోని విఘ్నప్రకరణం ఉపకరిస్తుంది. నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయానికి వ్యాఖ్యలో అభినవగుప్తుడు రసప్రతీతికి ఏడు విఘ్నాలను పేర్కొన్నాడు. వాటిలో ‘నిజసుఖాదివివశీభావం’ ఒకటి: ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలలో చిక్కుకుని ఉండటం. సాధారణీకరణం జరగాలంటే ‘ఇది నాది, ఇది పరాయివాడిది’ అన్న భేదం సడలాలి. తన బాధ ముల్లులా గుచ్చుతున్నవాడికి ఆ సడలింపు అసాధ్యం. నాట్యం సంగీతాది సాధనాలతో ఆ విఘ్నాన్ని తొలగిస్తుందని ఆయన వివరణ.

1990లో మాస్కో పౌరుడి స్థితి ఇదే. దుకాణాల ముందు వరుసలు, చక్కెరకు కూపన్లు, వేసవిలో పొగాకు కరువు, కొనుగోలుదారు నగరవాసి అని నిరూపించే కార్డు. రాజ్యబలాన్ని చూసి ‘ఇది మనది’ అనుకోవలసిన చోట అతనికి ‘నా ఇంట్లో లేనిది’ గుర్తుకొస్తుంది. లుబ్యాంక రాయి దగ్గర నిలబడి వచ్చినవాడికి తాతో మేనమామో గుర్తుకొస్తాడు. డప్పులు ఎంత మోగినా ఈ విఘ్నం తొలగదు. ఎందుకంటే, ఇది కేవలం వ్యక్తిగత దుఃఖం కాదు. అప్పటికి పత్రికలలో, సభలలో బహిరంగంగా చెప్పుకోగలిగిన దుఃఖం.

రససిద్ధాంతం నాట్యానికి సంబంధించినది గదా, రాజకీయ ఘటనకు దాన్ని అన్వయించడం న్యాయమా అన్న శంక సహజమే. లోకంలోని శోకం రసం కాదు, నాట్యంలోనిదే రసం అన్నది ఆ సిద్ధాంతపు మూలసూత్రం. నా సమాధానం: కవాతు సరిగ్గా ఆ సరిహద్దు మీద ఉంది. అది ఆయుధాలను ఉపయోగించదు, అభినయిస్తుంది. కనుక నాట్యధర్మం దానికి ఉంది. అయితే ఆయుధాలు కర్రవి కావు. ఏ క్షణాన్నైనా లోకధర్మంలోకి మారగల నాట్యం అది. ఈ ఉభయస్వభావమే కవాతు బలం, ప్రమాదం కూడా.

ఆ ప్రమాదం తొమ్మిది నెలలలో రుజువైంది. 1991 ఆగస్టు 19న అత్యవసర పరిస్థితి ప్రకటించిన బృందంలో యాజొవ్ ఉన్నాడు. కాలినిన్ మాస్కోకు సైనిక పాలకుడిగా నియమితుడయ్యాడు. రెడ్ స్క్వేర్ కవాతులకు అలవాటైన తమాన్, కంతెమీరొవ్ డివిజన్ల శకటాలు నగరంలోకి వచ్చాయి. కవాతు వందనం స్వీకరించినవాడు, కవాతు నడిపినవాడు ఇప్పుడు అవే శకటాలను నిజం చేయబోయారు. ప్రజలు శకటాల చుట్టూ చేరారు, సైనికులతో మాట్లాడారు, వాటిపైకెక్కారు. యెల్త్సిన్ ఒక శకటంపై నిలబడి ప్రకటన చదివాడు. సమాధి వేదిక నుంచి శకటాన్ని చూసే పద్ధతి తలకిందులై శకటమే వేదిక అయింది. కవాతు యంత్రం ఊరేగింపులో కలిసిపోయింది. ఆగస్టు 20, 21 నడిమి రాత్రి ముగ్గురు యువకులు మరణించారు. ఈ పరిణామాన్ని ఆనందోత్సవంగా మాత్రమే వర్ణించడం వారి పట్ల అన్యాయం. తర్వాత కొద్ది సంవత్సరాలకే, 1993 అక్టోబరులో, అదే యెల్త్సిన్ ఆదేశంతో శకటాలు అదే పార్లమెంటు భవనంపై కాల్పులు జరిపాయి. ఊరేగింపు గెలుపు శాశ్వతం కాదు.

తెలుగు పాఠకుడి స్థానం

ఈ కవాతు తెలుగు పాఠకుడికి పరాయి దృశ్యం కాదు. ‘సోవియట్ భూమి’ వంటి పత్రికల రంగుల పుటలు, మాస్కో ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు రెడ్ స్క్వేర్‌ను మన పల్లె గ్రంథాలయాల దాకా తెచ్చాయి. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి వంటివారు మాస్కోలో ఉండి అనువాదాలు చేశారు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’లో ‘గర్జించు రష్యా’ అన్న ఖండిక ఉంది. కాబట్టి మన సాహిత్య స్మృతిలో ఆ చతురానికి ఒక చోటు ఉంది.

ఆ స్మృతిని పరిశీలించేటప్పుడు కవాతు, ఊరేగింపు భేదం మనకు అవసరం. అభ్యుదయ కవిత్వంలోని నడక లయను గురించి మాట్లాడేటప్పుడు ‘కవాతు లయ’ అనడం పరిపాటి. 1950లో పుస్తకరూపం పొందిన ‘మహాప్రస్థానం’ శీర్షికా గీతాన్ని పరిశీలిస్తే, దాని అడుగు లెక్కగలదే. మాత్రాగణాల బిగువు కవాతును తలపింపజేస్తుంది. కాని దాని సంబోధన అలాంటిది కాదు. అది ఎంపికైనవారిని నిలబెట్టి చూపించదు, వినేవాడిని కలవమంటుంది. ఛందస్సు కవాతుది, పిలుపు ఊరేగింపుది. ఈ రెండింటి ఒరిపిడిలోనే ఆ గీతానికి శక్తి వచ్చిందని నా అభిప్రాయం. రెడ్ స్క్వేర్ చిత్రాలు మనకు చేరినప్పుడు వాటిలో కవాతునే విప్లవమని పొరబడే అవకాశం ఎంతో ఉంది. ఛాయాచిత్రం సమరేఖలను ఇష్టపడుతుంది, గుంపు దానికి సరిగా పడదు. కాని కావ్యం ఇష్టపడినది గుంపునే. మన విమర్శ ఈ తేడాను విస్మరిస్తే, 1990లో కవాతు ఆగిన నాడే ఆ పిలుపూ ఆగిందని తీర్పు చెప్పవలసి వస్తుంది. ఆ తీర్పుకు ఆధారం లేదు.

ఉపసంహారం

1991 నవంబరు 6న యెల్త్సిన్ రష్యాలో కమ్యూనిస్టు పార్టీ కార్యకలాపాలను నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. మర్నాడు, పేరు మార్చుకున్న సెంట్ పీటర్స్‌బర్గ్ నగరం విప్లవ దినాన తన పాత పేరును పండుగ చేసుకుంది. 1996లో నవంబరు 7కు ‘సమ్మతి, సమాధాన దినం’ అని పేరు పెట్టారు. 2005 నుంచి రష్యాలో అది సెలవు దినం కాదు; నవంబరు 4న జాతీయ ఐక్యతా దినం వచ్చింది. నేడు నవంబరు 7న రెడ్ స్క్వేర్‌లో స్మరించేది 1917ను కాదు, 1941 కవాతును. కవాతుకు కవాతే స్మార్యమైంది. విప్లవం తొలగి, విప్లవాన్ని గుర్తుచేసిన నడక మిగిలింది. సూచ్యాన్ని వదిలించుకున్న సూచకం అనవచ్చు.

ఈ పరిణామం మన ప్రతిపాదనను బలపరుస్తుంది. కవాతు ఏ అర్థాన్నైనా మోయగలదు. రాజ్యం మారినా దానికి కొత్త సందర్భం దొరుకుతుంది. దాన్ని డొల్ల అని కొట్టివేసినవారు దాని ఈ ఓర్పును అంచనా వేయలేదు. ఊరేగింపు అలా కాదు. అందులోని మనుషులు మోస్తున్న అర్థాన్ని వదిలేస్తే అది ఊరేగింపుగా మిగలదు. 1927లో ఆ అర్థాన్ని లాక్కున్నారు, 1990లో అది తిరిగి వచ్చింది. ఆ తిరిగి రాక వల్లనే నాటి కవాతు పాతబడింది. తనలోని లోపం వల్ల కాదు.

ప్రదర్శనలను పాఠాలుగా పరిశీలించే పరిశోధకులు వేదిక మీదివారి వరుసనూ, ఆయుధాల వరుసనూ గమనించడం అవసరమే. వాటి వెనుక ఏ ఊరేగింపు వస్తున్నదో, దానిలో ఎవరైనా దారిలో కలవవచ్చునో లేదో చూడటం అంతకన్న అవసరం. ఉత్సవాన్ని ఏర్పాటు చేసినవారి ఉద్దేశం కవాతులో తెలుస్తుంది. అది ఎవరి ఉత్సవమో ఊరేగింపులో తెలుస్తుంది.